బోర్డు ఆరేదాకా

రెండూ ఐదు. మూడూ ఐదు దాకా దాన్ని ముట్టుకోకూడదు. ఈ గడువు ఎవరూ పెట్టలేదు, నాకు నేనే పెట్టుకున్నాను, అందుకే దాన్ని దాటడం ఎంత సులువో నాకే బాగా తెలుసు, కాబట్టి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. కిటికీ గట్టు మీద పాత నోటుపుస్తకం అట్ట, అట్ట మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద రెండు వేళ్ళంత వెడల్పున్న ఆకుపచ్చ బోర్డు, ఎండలో తడితడిగా మెరుస్తోంది. అది బాబాయి గొంతు. మాటవరసకు అనడం లేదు. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రిలో జబ్బుతో పాటు బాబాయి స్వరపేటికను కూడా తీసేశారు, తర్వాత టార్చిలైటులాంటి ఒక యంత్రం చేతికిచ్చారు, దాని మూతిని గడ్డం కింద ఆనించి బొత్తాం నొక్కితే జుయ్యిమంటుంది, ఆ జుయ్యిని బాబాయి పెదవులతో, నాలుకతో మాటలుగా మలుచుకుంటాడు. ఇంట్లో అందరం దాన్ని మాటడబ్బా అంటాం. పదకొండు రోజుల కిందట పొద్దున్నే పళ్ళు తోముకుని వచ్చి బొత్తాం నొక్కితే పలకలేదు. బ్యాటరీ మార్చినా పలకలేదు. ఆ రోజు నుంచి బాబాయి పలకా బలపంతో మాట్లాడుతున్నాడు. కొత్తది కావాలంటే ఆసుపత్రి జాబితాలో పేరెక్కించుకుని ఆరునెలలు ఆగాలట. డబ్బాలోంచి తీసి పొద్దున స్పిరిటుతో కడిగిన ఈ బోర్డు ఇప్పుడు బతికితే బాబాయి ఈ సాయంత్రం మాట్లాడతాడు, చస్తే ఆరునెలలు పలకే గతి, చంపింది నేనే అవుతాను.

గది ఆ మూల పిన్ని కుట్టుమిషను తొక్కుతోంది, దిండు గలీబులు, ఒకటి అయ్యేసరికి ఇంకోటి. మిషను ఆగినప్పుడల్లా పిన్ని ఏదో అనబోతోందని నాకు ముందే తెలిసిపోతుంది, వెన్ను నిటారుగా అవుతుంది. పొద్దున నేను మూత విప్పినప్పుడు పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. "మీ ఇంట్లో గడియారం విప్పావు. అది మళ్ళీ గంట కొట్టిందా?" అంది. కొట్టలేదు. నిజమే కాబట్టి నేను ఏమీ అనలేదు. నిజం కాకపోయినా అనేదాన్ని కాదు, నోట్లో నాలుక లేని పిల్లని మా అమ్మ అందరికీ చెప్పుకుంటుంది, కొంచెం గర్వంగానే చెప్పుకుంటుంది, ఆడపిల్లకు అదో నగ అన్నట్టు. అమ్మకు తెలియనిదేమిటంటే నాకు నాలుక ఉంది, మాటలు గొంతు దాకా వచ్చి అక్కడ వరసలో నిలబడతాయి, ముందున్న మాట కదలదు, వెనకవి దాన్ని తోయవు. రాత్రి డైరీలో మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి.

గడియారం సంగతికి వస్తే, అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అప్పటికి నాకు బొమ్మ గీసుకోవడం తెలియదు. విప్పినవన్నీ ఒకే పళ్ళెంలో పోశాను. ఇప్పుడలా చెయ్యను. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ తీగ ఏ రంగుదో ముందు డైరీలో గీసుకుని, పక్కన అంకె వేసుకుని, స్క్రూలను అదే వరసలో అంటుకునే టేపు మీద అతికించాకే రెండో స్క్రూ జోలికి వెళ్తాను. ఇది ఎవరూ నేర్పలేదు, పాడైన వస్తువులే నేర్పాయి. బాబాయి పనిచేసేది బస్టాండులో, దొరికిన సామాన్ల గదిలో. బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ అక్కడికి చేరతాయి, ఏడాది దాటినా ఎవరూ రానివి, అందులోనూ పనిచెయ్యనివి, పారెయ్యమంటారు. పారెయ్యకుండా బాబాయి నాకు తెచ్చేవాడు. మీటలు రాలిపోయిన కాలిక్యులేటరు, అద్దం పగిలిన ఫోను, మూత ఊడిన రేడియో, ఒకసారి సగం కాలిన లాప్‌టాప్, దాన్ని విప్పడానికి నాకు ఎండాకాలం సెలవులన్నీ పట్టాయి, లోపలి చిన్న ఫ్యాను బయటికి తీసి బ్యాటరీకి కలిపితే తిరిగింది, ఆ గాలి ముఖానికి తగిలినప్పుడు ఎందుకో ఏడుపొచ్చింది. ఎందుకు విప్పుతావు అని అందరూ అడుగుతారు. బాగుచెయ్యడానికి అంటే ఒప్పుకుంటారు కాబట్టి అలాగే అంటాను. నిజం అది కాదు. మూసి ఉన్న వస్తువు ఎదురుగా ఉంటే మాట మధ్యలో ఆపేసిన మనిషి ముందు కూర్చున్నట్టుంటుంది నాకు, మిగిలిన సగం వినేదాకా తిండి సహించదు. స్కూల్లో కంప్యూటర్లు నాలుగే, వాటికి గులాబీరంగు బట్టలు తొడిగి ఉంచుతారు, వారానికోసారి బట్ట తీసి ముగ్గురికొకటి చొప్పున చూపిస్తారు, అందరూ తెర వైపు చూస్తుంటే నేను వెనక్కి వంగి పెట్టె వెనక స్క్రూలు లెక్కపెట్టేదాన్ని. "ఏమ్మా, సినిమా ఇటుంటే నువ్వు తెర వెనక చూస్తావేంటి" అన్నాడు మాష్టారు. క్లాసంతా నవ్వింది. ఏడు స్క్రూలు, ఒకటి ఊడిపోయింది, ఆ సంగతి మాష్టారికి చెబుదామనుకున్నాను, చెప్పలేదు.

రెండూ ఇరవై. చేతులు తిమ్మిరెక్కాయి. బోర్డును చిమటాతో పట్టి రెండో వైపుకు తిప్పాను, అది మాత్రం నియమంలో ఉంది. పైన ఆరినట్టే కనిపిస్తోంది. కనిపించడం కాదు కావలసింది. నల్లటి చిప్ కింద కాగితం మందం సందు ఉంటుంది, స్పిరిటు అక్కడ దాక్కుంటుంది, అది ఉండగా బ్యాటరీ పెడితే కరెంటు వెళ్ళకూడని దారిలో వెళ్తుంది. ఈ తొందరే నేను కాలిక్యులేటరు దగ్గర పడ్డాను, ఒక్క క్షణం అంకెలన్నీ ఎనిమిదులై వెలిగి ఆరిపోయాయి, మళ్ళీ వెలగలేదు.

బాబాయి పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. గొంతు దగ్గర ఊపిరి రంధ్రం మీద కట్టుకున్న గుడ్డ ఊపిరికి ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఒళ్ళో పలక. దాని మీద పొద్దున రాసింది ఇంకా చెరపలేదు, "మీ పిన్ని పదకొండు రోజులుగా గెలుస్తోంది" అని ఉంది. పిన్ని అది చదివి నవ్వాపుకుని వంటింట్లోకి పోయింది. మొన్న టౌనులో రిపేరు షాపాయన దగ్గరికి బాబాయితో నేనూ వెళ్ళాను, మాటసాయానికి, అంటే ఇద్దరు మూగవాళ్ళం వెళ్ళామన్న మాట. ఆయన డబ్బాను చెవి దగ్గర ఆడించాడు, కొబ్బరికాయ చూసినట్టు, మూత విప్పను కూడా లేదు. "ఇవి మనం చెయ్యం సార్. గొంతు సంగతి కదా, రేపేదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు. మూత విప్పకుండానే చేతులెత్తేసిన మనిషిని నేను మొదటిసారి చూశాను. కోపమొచ్చింది. బస్సులో తిరిగొస్తుంటే బాబాయి నా డైరీ తీసుకుని వెనక పేజీలో ఒకటే మాట రాశాడు. "విప్పు." నేను తల అడ్డంగా ఊపాను. దాని కింద మళ్ళీ రాశాడు. "ఎలాగూ మాట్లాడటం లేదు. అంతకంటే ఏం చేస్తావు?" నన్ను బాబాయి మరమేకు అంటాడు. అందరూ స్క్రూ అనే చోట ఆయన మరమేకు అంటాడు, ఆయనకు మాటల మీద అలాంటి మోజు.

మోజు ఉండదా, పద్దెనిమిదేళ్ళు బస్టాండు మైకులో మాట్లాడిన మనిషి. వచ్చే బస్సు, పోయే బస్సు, ఆలస్యంగా వచ్చే బస్సు, అన్నీ ఆ గొంతులోంచే వచ్చి పోయేవి. అది బొంగురు గొంతు కాదు, మెత్తటిది, తొందరలేనిది, బస్సు తప్పిపోయినవాళ్ళకు కూడా ఇంకో బస్సుందిలే అన్నట్టు ఉండేది. నాకు అయిదేళ్ళప్పుడు అమ్మ చెయ్యి వదిలి ప్లాట్‌ఫారం అంచుకు పోతే పైనుంచి, ఆకాశంలోంచి, "ఎర్ర గౌను వేసుకున్న పాప రెండడుగులు వెనక్కి వెయ్యవలసిందిగా కోరుతున్నాము" అని వినిపించింది. వేశాను. బస్టాండంతా నవ్వింది, ఆ నవ్వుకు మాత్రం నాకు సిగ్గెయ్యలేదు. తర్వాత జబ్బు, తర్వాత డబ్బా. డబ్బా గొంతు సన్నగా, రేకుమీద గోరుతో గీసినట్టు, ఏ మాటకైనా ఒకటే ఎత్తు, సంతోషానికీ అదే, విసుగుకీ అదే. వీధిలో పిల్లలు గడ్డం కింద వేళ్ళు పెట్టుకుని వెక్కిరించేవాళ్ళు. బాబాయి వాళ్ళను పిలిచి డబ్బా చేతికిచ్చి నొక్కుకోమనేవాడు, కానీ మైకు గది పక్కనుంచి పోవడం మానేశాడు, చుట్టూ తిరిగి వెనక తలుపునుంచి తన గదికి పోతాడు. అది నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు, డైరీకి తప్ప.

ఇప్పుడు డైరీకి కూడా చెప్పని సంగతి ఒకటుంది. పొద్దున్నుంచి దాని చుట్టూనే తిరుగుతున్నాను. మూత తీసేసరికి లోపల జబ్బు కళ్ళకు కట్టినట్టు కనిపించింది, ఎప్పుడో ఒక బ్యాటరీ కారింది, ఆ ఉప్పు తెల్లగా, అంచుల్లో పచ్చగా, బోర్డు మీదికి పాకింది. ప్రాణం లేచొచ్చింది. కారణం కనిపించే జబ్బు సగం నయమైనట్టే. బొమ్మ గీశాను, అంకెలు వేశాను, తీగలు మూడు, స్క్రూలు నాలుగు, నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వేసి ఉప్పును కరిగించి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో తోమి, స్పిరిటుతో కడిగాను. తోమేటప్పుడు బ్రష్షు కింద ఏదో మెత్తగా కదిలినట్టయింది. ఆగి చూశాను. మూల ఒక చదరపు నీలం ముక్క, కందిగింజంత, దాని నడుమ తెల్లటి గుండ్రటి బిళ్ళ, బిళ్ళ మీద స్క్రూడ్రైవరు దూరే గాడి. గాడి ఇప్పుడు పక్కకు వాలి ఉంది. ముందు ఎలా ఉంది? డైరీ తెరిచాను. నా బొమ్మలో నీలం చదరం ఉంది. దానిలో గుండ్రం ఉంది. గుండ్రంలో గీత లేదు. అన్నీ గీశాను, గాడి ఏ వైపు చూస్తోందో గీయలేదు, కదలనిదనుకున్నాను. అలాంటిది నేను ఇదివరకు ఒకసారి చూశాను, పాటలు పాడే బొమ్మలో, దాన్ని తిప్పితే పసిపిల్లలా పాడే బొమ్మ కప్పలా పాడింది. అంటే బాబాయి గొంతు ఎంత సన్నగా ఉండాలో ఎంత లావుగా ఉండాలో నిర్ణయించేది ఈ బిళ్ళే. నాలుగేళ్ళుగా అది ఎక్కడుందో అక్కడి నుంచి నేను జరిపేశాను, ఎంత జరిపానో తెలియదు.

చెప్పాలి. చెప్పాలా? పనిచేస్తే చాలనుకుంటారేమో, తేడా ఎవరికీ తెలియకపోవచ్చు, కడిగాక గొంతు కొంచెం మారుతుంది అంటే నమ్ముతారు, నాకు తప్ప ఎవరికీ లోపల ఏముందో తెలియదు కదా. ఆ ఆలోచన ఎంత నున్నగా వచ్చిందంటే నాకే భయమేసింది. రిపేరు షాపాయన మూత విప్పలేదు, నేను మూత విప్పి నోరు మూసుకుంటాను, పెద్ద తేడా ఏముంది? రెండూ ముప్పై ఐదు. ముందు బతకనీ. బతికితే చెప్తాను. కాదు, బతికినా చచ్చినా చెప్తాను.

మిషను ఆగింది. ఈసారి పిన్ని ఏదో అనడానికి కాదు, బాబాయి లేచాడని. మెల్లగా వచ్చి కిటికీ దగ్గర నిలబడి, బోర్డును ఎండలోకి చూసి, ఆరిందిగా అన్నట్టు కనుబొమలెత్తాడు. కొత్త బ్యాటరీ కోసం చెయ్యి చాచాడు. నేను ఆ బ్యాటరీ మీద అరచెయ్యి పెట్టేశాను. పెద్దవాళ్ళ చేతికి అడ్డం నా చెయ్యి పెట్టడం అదే మొదలు.

"ఇంకా అరగంట" అన్నాను.

పలక మీద రాశాడు. "పొడిగా ఉంది."

"చిప్ కింద ఉంటుంది తడి. కనపడదు."

బలపం పలక మీద టకటకలాడింది. "పదకొండు రోజులు."

"పదకొండు రోజులు ఆగారు బాబాయ్, అరగంట ఆగలేరా" అన్నాను. అన్నాక చూసుకుంటే అది నా నోటినుంచే వచ్చింది. మూలనుంచి పిన్ని, "విన్నారా, మరమేకు బిగుసుకుంది" అంది. బాబాయి భుజాలు కదిలాయి, ఆయనకు నవ్వు ఇప్పుడు భుజాల్లో ఉంటుంది. నా పక్కనే నేల మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ఇద్దరం బోర్డును చూస్తూ కూర్చున్నాం. మాట్లాడలేనివాళ్ళ పక్కన కూర్చోవడం నాకు ఎప్పుడూ సుఖమే, ఎవరూ నా వంతు కోసం ఎదురుచూడరు. కానీ ఆ అరగంట అలా లేదు. ఎండ గట్టు మీద ఒక అంగుళం జరిగింది, అట్టను దానితో పాటు జరిపాను, ఒక చీమ గుడ్డ ఎక్కింది, ఊదాను, నా ఊపిరిలో తడి ఉంటుందని గుర్తొచ్చి నోరు మూసుకుని వేలితో తోలాను. బాబాయి ఒక్కసారి నా డైరీలో బొమ్మ చూసి ప్రతి గీత మీదా వేలు నడిపాడు. నీలం చదరం దగ్గరికి వచ్చాడు. వేలు దాటి వెళ్ళిపోయింది. అది బాగుందని మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బకంటే ఎక్కువగా తగిలింది.

మూడూ ఐదు. మూడూ పది దాకా ఆగాను. తీగలు మూడూ వాటి వాటి చోట్ల తగిలించి, బ్యాటరీ పెట్టి, మూత పెట్టకుండానే మూతిని బాబాయి గడ్డం కింద ఆనించాను. బొత్తాం ఆయనే నొక్కాడు.

జుయ్యిమంది. బతికింది. కానీ అది దోమ గొంతు. బాబాయి పెదవులు కదిలించాడు, "వచ్చింది" అన్నాడు, మూడేళ్ళ పాప ముక్కుతో అన్నట్టు వచ్చింది ఆ మాట. మిషను మీద పిన్ని చెయ్యి అలాగే ఉండిపోయింది. బాబాయి నా ముఖం చూశాడు, ఏం చూశాడో, వెంటనే నా తల మీద చెయ్యి వేసి అదే సన్నటి గొంతుతో, "చాలమ్మా. పనిచేస్తోంది. ఇది చాలు" అన్నాడు.

"చాలదు బాబాయ్." గొంతు దగ్గర వరసలో మొదట నిలబడ్డ మాట అదే, అది కదిలేసరికి వెనకవన్నీ వచ్చేశాయి. "నేను జరిపేశాను. ఈ నీలం దాన్ని, తోమేటప్పుడు, బొమ్మలో గాడి గీయలేదు, ఎక్కడుండేదో నాకు తెలియదు, ఇది నా తప్పే, తిప్పుతూ వింటే దొరుకుతుంది, కానీ ఆన్‌లో ఉండగానే తిప్పాలి, ఇనుప స్క్రూడ్రైవరు పక్కకు జారితే మొత్తం పోతుంది. అయినా తిప్పుతాను."

"బతికినదాన్ని మళ్ళీ కెలుకుతావా" అంది పిన్ని లేచి. "ఉన్నది కూడా పోతే?"

"ఇనుము కాకపోతే పోదు పిన్నీ. ప్లాస్టిక్‌ది ఏదైనా ఉండాలి, సన్నగా, గట్టిగా."

పిన్ని అద్దం దగ్గరికెళ్ళి తన దువ్వెన తీసి, ఒక పన్ను పుటుక్కున విరిచి, మిషను కత్తెరతో కొనను చెక్కి నా చేతిలో పెట్టింది. వెళ్ళి మిషను ముందు మాకు వీపు పెట్టి కూర్చుంది.

దువ్వెన పన్ను గాడిలో కూర్చుంది. "ఆ అంటూ ఉండండి" అన్నాను. బాబాయి ఆ అన్నాడు. నేను వెంట్రుకవాసి తిప్పాను. దోమ ఈగ అయింది. ఈగ తుమ్మెద అయింది. ఇంకొంచెం. ఇంకొంచెం. అక్కడ, అదిగో, రేకుమీద గోరు, నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో తిరిగిన గొంతు. చెయ్యి ఆపేశాను. చెమట కళ్ళలోకి దిగింది. "ఇదే" అన్నాను. బాబాయి కూడా తల ఊపాడు.

"ఆపొద్దు" అంది పిన్ని.

ఇద్దరం అటు తిరిగాం. పిన్ని ఇటు తిరగలేదు. "నాలుగేళ్ళు ఆ గొంతుతో కాపురం చేశాను. ఫ్యాక్టరీవాడు పెట్టిందే గొంతనుకున్నాను, మార్చే వీలుందని ఎవరు చెప్పారు గనక. ఇంకా కిందికి తిప్పు."

"నచ్చలేదని ఎప్పుడూ అనలేదే" అన్నాడు బాబాయి, రేకు గొంతుతో.

"అంటే ఏం చేసేవారు? డబ్బా మానేసి పలకలో రాసేవారు." పిన్ని మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "తిప్పవే అమ్మాయ్."

తిప్పాను. నాకు గుర్తున్న చోటు దాటాక నాకే దారి తెలియదు, పన్ను కొనకు, పిన్ని వీపుకు మధ్య వెళ్తున్నాను. "ఇంకా" అంది. "మాట్లాడండి, ఆ కాదు, మాట." "ఏం మాట్లాడను?" అన్నాడు బాబాయి. "పదకొండు రోజుల తిట్లు మిగిలే ఉంటాయిగా." ఆయన నవ్వబోయాడు, ఆ నవ్వు డబ్బాలోంచి లావుగా, మెత్తగా, అంతవరకూ మేమెవరం విననట్టు వచ్చింది. పిన్ని చెయ్యి పైకి లేచింది. ఆపాను.

అది బస్టాండు గొంతు కాదు. ఆ గొంతు ఏ బిళ్ళ తిప్పినా రాదు, నాకు తెలుసు. ఇది రేకు గొంతు కూడా కాదు. బాబాయి డబ్బాను దూరంగా పట్టుకుని చూసి, మళ్ళీ గడ్డం కింద పెట్టుకున్నాడు. "ఇది ఎవరి గొంతు?" అని అడిగాడు.

"తెలీదు" అంది పిన్ని, స్టూలు ఇటు తిప్పుకుని కూర్చుంటూ. "మాట్లాడుతూ ఉండండి, చూద్దాం."

బాబాయి మాట్లాడటం మొదలుపెట్టాడు. మూత పెట్టమని వాళ్ళు అనలేదు, నేనూ పెట్టలేదు. ఇద్దరూ సరేననేదాకా పెట్టను. నాలుగు స్క్రూలూ గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో దువ్వెన పన్నును గాడిలోనే ఉంచి, వింటూ కూర్చున్నాను.